గువ్వ కూర్చునే చోటు

బడి గంట కొట్టకముందే వచ్చి, ఖాళీ తరగతిలో ఎవరో ఒక పిల్ల కూర్చునే చోట కూర్చుని నల్లబల్ల వైపు చూడటం బొంగరం టీచర్‌కి అలవాటు. రోజుకొక చోటు. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, పొట్టి బెంచీలో మోకాళ్లు ముడుచుకుని, ఆ పిల్ల కళ్లతో గదిని చూస్తుంది. బల్ల మీద ఎండ పడి అక్షరాలు మెరుస్తున్నాయా? ముందువాడి తల అడ్డొస్తోందా? కిటికీలోంచి ఎదుటి మేడ మీది పావురాలు కనబడి మనసు లాగేస్తున్నాయా? ఎడమ చెవి సరిగా వినబడని కుర్రాడిని ఎడమ గోడ వారకు మార్చింది ఇలా కూర్చుని చూశాకే. అలా మార్చాక వాడి కుడి చెవి ఆమె వైపు తిరిగింది, వాడి ముఖం కూడా.

ఎక్కువసేపు కూర్చోదు లెండి. కూర్చుంటే ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది ఆమెకి. మోకాలు దానంతట అదే ఊగడం మొదలుపెడుతుంది, బెంచీ కిర్రుమంటుంది, లేచిపోతుంది. ఆ పేరు పిల్లలు పెట్టిందే. బల్ల దగ్గర ఒక మాట, కిటికీ దగ్గర దాని తర్వాతి మాట, వెనక బెంచీ దగ్గర మూడో మాట చెప్పే మనిషిని బొంగరం అనక ఇంకేమంటారు? కొత్తల్లో చాటున అనేవాళ్లు. ఇప్పుడు బడి గుమస్తా కూడా "బొంగరం టీచర్‌గారూ, మీకో ఫోను" అంటాడు.

ఆమె తండ్రి సైకిళ్లు బాగుచేసేవాడు. చిన్నప్పుడు బడిలో కదలకుండా కూర్చోలేక ఆమె రోజూ మూల నిలబడే శిక్ష తెచ్చుకునేది. విచిత్రమేమిటంటే ఆ మూలే ఆమెకి కలిసొచ్చింది. ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడొచ్చు, గోడకి వేలితో గీతలు గీసుకోవచ్చు. ఎక్కాలన్నీ ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి నడుస్తూ నేర్చుకుంది. పెద్దయి తనకంటూ ఒక తరగతి వచ్చిన రోజున అనుకుంది, ఈ గదిలో ఏ పిల్లకీ కాళ్లు కట్టెయ్యను అని. కాళ్లే కాదు, విని నేర్చుకునే వాళ్లుంటే పాటగా చెబుతాను, చూసి నేర్చుకునే వాళ్లుంటే బొమ్మ గీస్తాను, పట్టుకుంటే తప్ప నమ్మని వాళ్లుంటే చేతిలో పెడతాను అని.

అన్నట్టే చేసింది. నాలుగో తరగతికి భిన్నాలు చెప్పాలంటే నేల మీద సుద్దతో పొడుగ్గా గీత గీసేది. ఈ చివర సున్నా, ఆ చివర ఒకటి. సగం దగ్గర గెంతు, పావు దగ్గర గెంతు, ముప్పావు దగ్గర గెంతు. గెంతలేని వాళ్లకి కాగితం మడతలు. కాగితం విసుగొచ్చిన వాళ్లకి చప్పట్ల లెక్క. పిల్లలు ఊగిపోయేవాళ్లు. గట్టిగా మాట్లాడుతుంది కనక మైకు అని పేరు పడ్డ పిల్ల ఒకతి, "ముప్పావు!" అని అరిస్తే బడి గేటు దాకా వినబడేది.

గేటు దాకా వినబడేది, కింది గదికి వినబడదా?

కింది గది పెద్ద టీచర్‌ది. నాలుగో తరగతే, రెండో సెక్షను. పెద్ద టీచర్ స్వయానా బొంగరం టీచర్ భర్తకి అక్క. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే దారిన బడికి వస్తారు, మెట్ల దగ్గర ఒకరు పైకీ ఒకరు కిందకీ విడిపోతారు. పెద్ద టీచర్ గదిలో సూది పడితే వినబడుతుంది. ఆవిడ నల్లబల్ల మీద లెక్క ఒకటి వేసి, పక్కకి తప్పుకుని కూర్చుంటుంది. "రాయండి" అంటుంది. అంతే. పైన గెంతులు మొదలవగానే కప్పు నుంచి సున్నం పొడి ఆవిడ హాజరుపట్టీ మీద రాలుతుంది. ఆవిడ లేచి, చీపురు తిరగేసి, కర్రతో కప్పుని టకటకా కొడుతుంది. పైన పిల్లలు ఆ టకటకని కూడా చప్పట్ల లెక్కలో కలిపేసుకుంటారు.

ఒకసారి టీచర్ల మీటింగులో బొంగరం టీచర్ ఆవేశంగా లేచి, "చదువు చెప్పడమంటే ఒకే కొలత చెప్పు అందరి కాళ్లకీ తొడగడం కాదండీ" అంది.

"తొడగద్దమ్మాయ్," అంది పెద్ద టీచర్ అద్దాలు తుడుచుకుంటూ, "ఆ చెప్పులు విప్పించి గెంతించు చాలు. నా నెత్తిన పడుతున్నాయి."

అందరూ నవ్వారు. బొంగరం టీచర్ కూడా నవ్వింది. ఆ ఏడాది జూన్ దాకా ఆమె నవ్వగలిగేది.

జూన్‌లో ఆమె కూతురు నాలుగో తరగతికొచ్చి, ఆమె సెక్షనులోనే పడింది.

కూతురిని ఇంట్లో గువ్వ అంటారు. ఆ పిల్ల ఉన్నట్టే ఉండదు. అన్నం పెట్టు అని కూడా అడగదు, కంచం తెచ్చుకుని కూర్చుంటుంది. తల్లి గువ్వని మొదటి బెంచీలో, తన బల్లకి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఏ పిల్లకి ఏది ఎలా చెప్తే ఎక్కుతుందో కనిపెట్టడం తెలిసిన తల్లి, కన్న కూతురి విషయంలో మాత్రం వెతకాల్సిందేముందనుకుంది. అది నా పిల్ల, నాలాగే ఉంటుంది, ఆ కదలిక లోపల దాచుకుంది అంతే, బయటికి తేవాలి.

మొదటి పరీక్షలో గువ్వకి లెక్కల్లో సగం కూడా రాలేదు. రెండోదాంట్లో ఇంకా తగ్గింది. మూడింట రెండు వంతులు పెద్దదా, నాలుగింట మూడు వంతులు పెద్దదా అన్న ప్రశ్న దగ్గర కాగితం తెల్లగా ఉంది. తప్పు కూడా రాయలేదు. బొంగరం టీచర్ ఆ తెల్ల కాగితాన్ని వెనక్కి తిప్పి కూడా చూసింది.

హెడ్‌మాస్టరు పిలిచాడు. మెత్తని మనిషి, పేపర్‌వెయిట్ తిప్పుతూ మాట్లాడతాడు. "అర్ధసంవత్సరం పరీక్షలో కూడా ఇలాగే అయితే పాపని మళ్లీ మూడో తరగతికి పంపాలమ్మా. రూలు అందరికీ ఒకటే కదా. మీ అమ్మాయి అని వదిలేస్తే రేపు మిగతా వాళ్లకి ఏం చెప్పను?"

"అక్కర్లేదండీ. వస్తుంది దానికి. నేను చూసుకుంటాను."

"చూసుకోండి. బయట ఇప్పటికే ఒక మాట అనుకుంటున్నారు."

ఏ మాటో ఆయన చెప్పలేదు. మెట్ల మీద ఆరో తరగతి టీచర్ చెప్పేసింది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు టీచర్‌గారూ," అని నవ్వుతూ భుజం తట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు ఇల్లులా లేదు. హాలంతా సుద్ద గీతలు. వంటింటి తలుపు నుంచి వీధి తలుపు దాకా తాడు కట్టి, దానికి బట్టల క్లిప్పులు తగిలించింది. "ఈ తాడు మొత్తం ఒకటి. సరేనా? ఇప్పుడు దీన్ని మూడు ముక్కలు చేశాం. రెండు తీసుకున్నాం. నాలుగు ముక్కలు చేశాం. మూడు తీసుకున్నాం. ఏది ఎక్కువ?" గువ్వ తాడు వైపు చూస్తుంది. క్లిప్పు మీద వేలు పెడుతుంది. "తెలీలేదా? సరే, తాడు వద్దు, రా." రొట్టె కోస్తుంది. "ఇది చూడు." గువ్వ రొట్టె వైపు చూస్తుంది. "సరే, పాడదామా?" పాడుతుంది. గువ్వ నోరు కదుపుతుంది, గొంతు రాదు. "పోనీ గెంతుదాం, రా, నాతో రా." తల్లి గెంతుతుంది. పిల్ల నిలబడి ఉంటుంది.

గువ్వ తండ్రి నీళ్ల పంపుల దగ్గర పని చేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి, తాడు తగిలి తూలి, గోడ పట్టుకున్నాడు. "ఈ ఇంట్లో నడవాలన్నా భిన్నాలు రావాలా?"

"మీకు నవ్వులాటగా ఉంది. దాన్ని మూడో తరగతికి దింపేస్తారట."

"దింపితే దింపుతారు. ముందు పిల్లని ఊపిరి పీల్చుకోనీ. నీకు చెలగాటం, దానికి ప్రాణసంకటం."

"చెలగాటమా? నేను ఆడుకుంటున్నానా?"

ఆయన అక్క వైపు చూశాడు. భార్యనంటే భార్యకి కోపం, అక్కని సాయమడిగితే ఇద్దరికీ కోపం. అడకత్తెరలో పోకచెక్క బతుకు ఆయనది. పెద్ద టీచర్ తన గది గుమ్మంలో కూర్చుని ఊలు దారం చుట్టుకుంటోంది. "నన్ను చూడకురా. బడి గేటు దాటాక నేను టీచర్ని కాను," అంది. దారం ఉండ ఒళ్లోంచి జారి దొర్లింది. గువ్వ వెళ్లి తీసిచ్చి, అక్కడే అత్త కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

"గువ్వా! ఇటు రా, ఇంకొకటి చేద్దాం," అని పిలిచింది తల్లి.

పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది గువ్వ. సోమవారం అంటే నిజమే అనుకున్నారు. రోజూ అంటుంటే బొంగరం టీచర్‌కి నిద్రపట్టడం మానేసింది. తరగతిలో కూడా ఒక మాట చెబుతూ చెబుతూ గువ్వ ముఖంలోకి చూసేది. వెలగలేదని మాట మార్చేది. గువ్వ కోసం మార్చిన మాటకి మిగతా పిల్లలు తికమకపడేవాళ్లు. చివరికి మైకు లేచి, "టీచర్, ముందు చెప్పిందే బావుంది," అంది. కాలుగాలిన పిల్లిలా ఆమె ఆ బల్ల నుంచి ఈ గోడకీ, ఈ గోడ నుంచి ఆ బల్లకీ తిరిగింది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ గువ్వ కనబడలేదు. డబ్బా సంచీలోనే ఉంది. కుళాయిల దగ్గర లేదు. ఆటస్థలంలో లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. బొంగరం టీచర్ పరుగులాంటి నడకతో వరండా అంతా తిరిగింది. నీళ్ల తొట్టిలోకి కూడా తొంగి చూసింది, చూసి తనని తనే తిట్టుకుంది. చివరికి కింది గది కిటికీ ముందు ఆగిపోయింది.

పెద్ద టీచర్ తన బల్ల దగ్గర డబ్బా తెరుచుకుని, పుస్తకం చదువుకుంటూ తింటోంది. గది చివర, కిటికీ పక్క బెంచీలో గువ్వ కూర్చుని రాసుకుంటోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. అత్త డబ్బా మూతలో పెట్టి ఇచ్చినట్టుంది, గువ్వ పక్కన రెండు ముద్దల అన్నం ఉంది. పైన ఎవరో పరిగెత్తారు. కప్పు దడదడలాడింది. గువ్వ పెన్సిలు నోట్లో పెట్టుకుని, రెండు చెవులూ మూసుకుని, చప్పుడు ఆగేదాకా ఉండి, మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

బొంగరం టీచర్ లోపలికి వెళ్లింది. ఆమె నీడ పడగానే గువ్వ కాగితం మీద చెయ్యి కప్పింది. ఆ చెయ్యి కప్పడమే తల్లికి తగిలింది.

"ఎన్నాళ్ల నుంచి వదినా ఇది?"

"ఎండలు తగ్గినప్పట్నుంచీ."

"నాకొక్క మాట చెప్పలేదు! నా కూతురికి మీరు చాటుగా చదువు చెబుతున్నారా?"

"నేనేం చెప్పాను?" పెద్ద టీచర్ పుస్తకం మూసింది. "వచ్చింది, కూర్చుంది. నేను పొమ్మనలేదు. అది నన్నేమీ అడగలేదు, నేను దాన్నేమీ అడగలేదు. ఆకలేస్తే తింటోంది. ఇందులో చాటు ఏముంది, తలుపు బార్లా తీసే ఉంది."

తల్లి కూతురి దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "నేను చెప్పేది నచ్చట్లేదా నీకు?"

గువ్వ చాలాసేపు ఆలోచించింది. తల్లి నోరు తెరవబోయి, ఏదో అనబోయి, ఆగింది. అప్పుడు గువ్వ అంది.

"నచ్చుతుందమ్మా. అర్థమవుతూ ఉంటుంది. అప్పుడే ఇంకోలా మొదలుపెడతావు."

దీపం కిందే చీకటి. ఆ మాట ఎన్నోసార్లు ఎవరెవరి గురించో అన్న మనిషే ఆమె. మర్నాడు పొద్దున గంటకి ముందు వచ్చి, మొదటి బెంచీ దగ్గర నిలబడిపోయింది. ఇన్నాళ్లలో అందరి చోట్లలోనూ కూర్చుంది, ఇక్కడ తప్ప. కూర్చుని చూసింది. సుద్ద గీత సరిగ్గా బెంచీ కాలిని రాసుకుంటూ పోతోంది. గెంతే ప్రతి పిల్లా గువ్వ మోచేతికి తగులుకుంటూ పోతుందన్నమాట. అది అర్థమైంది. కానీ ఖాళీ గదిలో అంతకన్నా ఏమీ తెలియడం లేదు. ఈ చోటు నుంచి చూస్తే రోజంతా అడ్డంగా తిరిగేది ఎవరు? తనే. తను ఒకేసారి అక్కడ తిరుగుతూ ఇక్కడ కూర్చుని చూడటం ఎలా?

గంట కొట్టేలోపు మెట్లు దిగింది. "వదినా, ఒక్క పీరియడ్ పైకి వచ్చి నా క్లాసు తీసుకోండి. నేను గువ్వ పక్కన కూర్చుంటాను."

పెద్ద టీచర్ అద్దాల పైనుంచి చూసింది. "మరి నా వాళ్లు?"

"హెడ్‌మాస్టరుగారిని వచ్చి కూర్చోమని అడుగుతాను. సూది పడితే వినబడే గది కదా, ఆయనకీ కాస్త విశ్రాంతి."

"వస్తాను. కానీ నువ్వు నోరెత్తకూడదు. లేవకూడదు."

"ఎత్తను."

"లేవకూడదన్నదే కష్టం నీకు," అని చీపురు మూలన పెట్టి మెట్లెక్కింది పెద్ద టీచర్.

ఆవిడ నల్లబల్ల మీద రాసింది: మూడింట రెండు వంతులా, నాలుగింట మూడు వంతులా, ఏది పెద్దది? రాసి పక్కకి తప్పుకుని కూర్చుంది. "రాయండి."

పిల్లలు ఇంకా ఏదో జరుగుతుందని చూశారు. మైకు చెయ్యెత్తింది. "టీచర్, గెంతాలా?"

"నోరు కూడా గెంతకూడదు."

గది నిశ్శబ్దమైపోయింది. తన తరగతి అలా ఉండగా బొంగరం టీచర్ ఎప్పుడూ చూడలేదు. వెనక బెంచీలో కుర్రాడు అప్పుడే బెంచీ మీద నుంచి సగం జారాడు. మైకు పెదాలు బిగించుకుని, ముఖం ఎర్రబడి, ఏ క్షణాన పేలుతుందో అన్నట్టుంది. వాళ్లు పాడైపోతున్నారు, నా పిల్లలు, అనిపించింది ఆమెకి. లేచి వెళ్లి ఒక్క మాట చెబితే చాలు. పక్కన గువ్వ ఏమీ రాయడం లేదు. బల్ల వైపు చూస్తోంది. ఇంకా చూస్తోంది. రాదు, దీనికి ఇలా కూడా రాదు, ఈవిడేం చెప్పలేదు అసలు, ఒక్క ముక్క...

"చూడు, తాడు..." అని గొణగబోయింది.

గువ్వ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "అమ్మా. బెంచీ ఊగుతోంది."

ఆమె రెండు చేతులతో తన మోకాలిని పట్టుకుంది. పళ్లు బిగించింది. గువ్వ కాగితం మీద పొడుగ్గా ఒక గీత గీసింది. దాని కింద అంతే పొడుగున ఇంకొకటి. పైదాన్ని మూడు చేసింది. కిందిదాన్ని నాలుగు చేసింది. ఆగింది. ఆగిన ఆ కాసేపూ తల్లికి నిప్పుల మీద నిలబడ్డట్టుంది. తర్వాత గువ్వ మెల్లగా రెండు గీతల్నీ చిన్న చిన్న ముక్కలు చేసింది, పన్నెండేసి. పైన ఎనిమిది. కింద తొమ్మిది. కింది గీతే పెద్దదని దాని చుట్టూ గుండ్రంగా గీసింది.

అది తాడు లెక్కే. ఇంట్లో హాల్లో ఆమె కట్టిన తాడే. ఆ రోజు గువ్వ క్లిప్పు మీద వేలు పెట్టి ఇక్కడిదాకా వచ్చే ఉంటుంది. అప్పుడే తను రొట్టె కోయడానికి లాక్కుపోయింది.

పీరియడ్ అయ్యాక పిల్లలు ఆనకట్ట తెగినట్టు బయటికి పరిగెత్తారు. పెద్ద టీచర్ నుదురు తుడుచుకుంది. "నీ వెనక బెంచీ వాడు నన్ను చంపుతాడే. వాడికి కాళ్లున్నాయా చక్రాలా?"

"వాడు గెంతితే పదో ఎక్కం దాకా తప్పు లేకుండా చెబుతాడు వదినా."

"అలాంటివాడు నా దగ్గరా ఒకడున్నాడు. పీరియడ్‌కి నాలుగుసార్లు నీళ్లకని పోతాడు. నీళ్లమంత్రి అని పేరు పెట్టాం." ఆవిడ కాస్త ఆగి, ఎటో చూస్తూ అంది. "వాడిని నీ గదిలోకి పంపిస్తాను. గువ్వని నాకివ్వు."

బొంగరం టీచర్ వెంటనే ఒప్పుకోలేదు. ముందు తన గదిలోనే ఒక బెంచీని గోడ వైపు తిప్పి, నిశ్శబ్దం కావలసిన వాళ్లు ఇక్కడ కూర్చోవచ్చు అంది. గువ్వ వెళ్లి కూర్చుంది కూడా. కానీ నేల దడదడమంటుంటే గోడకేసి తిరిగి ఏం లాభం? పైగా ప్రతి రెండు నిమిషాలకీ ఎవరో వచ్చి ఆ పిల్ల భుజం మీదుగా కాగితంలోకి తొంగి చూస్తున్నారు. ఎవరో కాదు, తల్లే. చూడకూడదనుకుంటూనే కాళ్లు అటే తీసుకుపోయేవి.

వారం తిరిగాక హెడ్‌మాస్టరు గదికి తనే వెళ్లింది. "మా అమ్మాయిని కింది సెక్షనుకి మార్చండి."

ఆయన పేపర్‌వెయిట్ తిప్పడం ఆపాడు. "బయట ఏమనుకుంటారో ఆలోచించారా?"

"ఆలోచించానండీ. అందుకే వారం పట్టింది."

ఆమె సంతకం పెట్టేటప్పుడు కూడా కూర్చోలేదు.

ఇంట్లో తాడు విప్పేశారు. భర్త సుద్ద గీతలు తుడుస్తూ, "నడవడానికి పర్మిషన్ వచ్చిందా?" అన్నాడు. పొద్దుటి కడుపునొప్పి ఎప్పుడు మానిందో ఎవరూ గమనించలేదు. అర్ధసంవత్సరం పరీక్షలో గువ్వకి గొప్ప మార్కులేమీ రాలేదు గానీ మూడో తరగతి ప్రసక్తి మళ్లీ రాలేదు. నీళ్లమంత్రి పై గదిలో సుద్ద గీత మీద గెంతుతూ ఇంకా దాహమంటూనే ఉన్నాడు, కాకపోతే వెళ్లిన వాడు తిరిగొస్తున్నాడు. కప్పు మీద చీపురు టకటకలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు గువ్వ కింది గదిలో కిటికీ పక్క బెంచీలో కూర్చుంటుంది. సాయంత్రం ఇంట్లో హాలు మూల చాప మీద లెక్కలు చేసుకుంటుంది. అయ్యిందా, వచ్చిందా, చూపించు అని తల్లి అడగదు. అడగాలనిపించినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోముతుంది. ఆ ఇంట్లో ఈమధ్య కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్నారు.